పెద్దమ్మ ఇచ్చిన చుక్కల మందు

ఆ సోమవారం పొద్దున నా కుడి కన్ను తెరుచుకోలేదు. పచ్చటి పుసితో రెప్పలు రెండూ అతుక్కుపోయాయి. నీళ్లతో తడిపి విడదీసి అద్దంలో చూసుకుంటే కన్ను పండుమిరపకాయలా ఉంది. నాకు మొదట భయం వేయలేదు, కోపం వచ్చింది. నేను బతికేదే కళ్ల మీద.

తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో విజువల్ ఇన్‌స్పెక్షన్ నా పని. కంటి చుక్కల సీసాలను నల్ల బోర్డు ముందు ఒకసారి, తెల్ల బోర్డు ముందు ఒకసారి తిప్పి చూసి, లోపల నలుసు కనబడితే పక్కన పెట్టాలి. అప్పుడప్పుడూ మా కళ్లకూ పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో తప్పితే ఆ బల్ల దగ్గర చోటు ఉండదు.

కంపెనీ క్యాబ్ ఎక్కగానే నా పక్కన కూర్చునే స్వప్న చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. "అక్కా, కండ్లకలకనా? జర ముంగట కూసో, నా దిక్కు సూడకు" అంది. అది చూపుతో అంటదు, చేతులతో, తువ్వాళ్లతో అంటుతుంది. తెలిసినా నోరు మూసుకుని ముందుకెళ్లి కూర్చున్నాను. గేటు దగ్గర సూపర్‌వైజర్ "మొత్తం తగ్గినంకనే రా" అని వెనక్కి పంపాడు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో అద్దె గది నాది. భర్తతో విడిపోయి నాలుగేళ్లు, ఒక్కదాన్నే ఉంటాను. తమ్ముడి దగ్గరున్న అమ్మకు ఫోన్ చేస్తే, "ఇంట్ల బాలింత ఉన్నది బిడ్డా, తగ్గినంక రా" అంది. న్యాయమే. అయినా ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఏడిస్తే కన్ను ఇంకా మండింది.

మా ఇంటి ఓనరమ్మను పెద్దమ్మా అని పిలుస్తాను. ఎండాకాలంలో ఆమెకు మోతిబిందు, అదే కంటి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పటి చుక్కల మందు మిగిలితే ఫ్రిజ్‌లోంచి తెచ్చిచ్చింది. "గీ మందుతోని నాకు మస్తు సల్లగయింది. నీకు గూడ రెండు దినాలల్ల ఎర్రదనం పోతది" అంది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డది ఇక్కడే. మూత తీసిన చుక్కల మందు నెల దాటితే పారేయాలని మా పెట్టెల మీద ఉండే మాట నాకు కంఠతా వచ్చు. సీసా కొన ఎక్కడా తగలకూడదనీ తెలుసు. ఆ సీసా మూత తీసి మూడు నెలలు. కొన రెప్పకు తగులుతున్నా వేసుకున్నాను. ఆ రోజు నా గడప దగ్గరికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. వద్దనడానికి నోరు రాలేదు.

రెండు రోజులు ఎరుపు తగ్గింది. మూడో రోజు నొప్పి మొదలైంది. వెలుతురు చూడలేకపోయాను. ఎడమ కన్ను మూసుకుని క్యాలెండర్ చూస్తే అంకెలు అలుక్కుపోయాయి. ఆటో పట్టుకుని మేడ్చల్‌లో కంటి ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ కంట్లో పసుపు రంగు మందు వేసి స్లిట్ ల్యాంప్ అనే యంత్రంలో చూసింది. నేను తీసుకెళ్లిన సీసా తిప్పి చదివింది. "ఇది స్టెరాయిడ్. ఆపరేషన్ తర్వాత వాపుకిస్తాం. ఇన్ఫెక్షన్ ఉన్న కంట్లో వేస్తే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ముదురుతుంది. మీకిప్పుడు కార్నియల్ అల్సర్."

"చూపొస్తదా మేడం?"

"పుండు నల్లగుడ్డు మధ్యకు దగ్గరగా ఉంది. మానినా మచ్చ మిగలొచ్చు. ముందు కన్నును కాపాడుకుందాం."

పుండు మీద నుంచి కాస్త గీకి తీసి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపారు. గంటకోసారి యాంటీబయోటిక్ చుక్కలు. ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నాను. రోజంతా నన్ను పలకరించింది ఆ అలారమే. నొప్పి తగ్గకపోగా పెరిగింది. కల్చర్ రిపోర్ట్ వచ్చాక మందు మార్చారు, అప్పుడు గానీ దారికి రాలేదు. మధ్యలో స్వప్న "గెట్ వెల్ సూన్" అని మెసేజ్ పెట్టింది. రెండు కళ్లూ నీళ్లు కారుతుంటే దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

ఆరు వారాలకు పుండు మానింది, మచ్చ మిగిలింది. కంపెనీ కంటి పరీక్షలో కుడి కంటితో కింది వరుసలు చదవలేకపోయాను. పదకొండేళ్ల బల్ల వదిలేసి ఇప్పుడు ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు మడుస్తున్నాను.

పెద్దమ్మకు ఏమీ చెప్పలేదు, అడిగితే తగ్గిందనే అన్నాను. ఆ ఒక్క మనిషీ దూరమవుతుందని భయం. పోయిన నెల పక్క గదిలోకి కొత్తగా దిగిన అమ్మాయికి కళ్లు పుసి కట్టాయి. పెద్దమ్మ ఫ్రిజ్‌లోంచి ఇంకో సీసా తీసింది. "గీ అక్కకు గూడ ఇదే ఇచ్చిన, మంచిగైంది" అంటోంది. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ మందుతోనే నా కన్ను గిట్లయింది పెద్దమ్మా."

పెద్దమ్మ సీసా దించింది. "గిన్ని దినాలు ఎందుకు జెప్పలె బిడ్డా?"

"చెప్తే నువ్వు గూడ మాట్లాడవనుకున్న."

సీసాను మురుగు మోరీలో వంచేసి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నా గడప తొక్కలేదు. ఐదో రోజు ఒక కొత్త సీసా, ఒక పెన్నూ పట్టుకొచ్చింది. "కండ్లు పొడిబారినయని డాక్టర్ ఇచ్చిండు. ఇయ్యాల్నే మూత తీసిన. తారీఖు రాయి, నాకు రాయరాదు" అంది. కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో సరిచూసుకుంటూ రాసిచ్చాను.

నేను చెప్పేది ఒక్కటే. కంట్లో పుసితో పాటు నొప్పి ఉన్నా, వెలుతురు పడకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంకొకరికి రాసిన చుక్కలు వేసుకోకండి. ఇచ్చే మనిషి మీకు మిగిలిన ఒకే ఒక్క మనిషైనా సరే, వద్దనండి. వాళ్లు మళ్లీ వస్తారు. మా పెద్దమ్మకు నాలుగు రోజులు పట్టింది.