చిలకపచ్చ చున్నీ

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన ఆ రోజుల్లో ఆడపిల్లలకు ముఖాలుండేవి కావు, కళ్లే ఉండేవి. దుమ్ముకు, ఎండకు తాళలేక ముక్కు మీదుగా తల చుట్టూ చున్నీ బిగించి కట్టుకునేవాళ్లు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నది ఎవరో తెలియాలంటే గొంతు వినాల్సిందే. ఇంటి గల్లీలోకి రాగానే అందరూ విప్పి దులుపుకునేవాళ్లు. హిమజ మాత్రం విప్పేది కాదు.

చిల్కానగర్‌లో వాళ్ల అద్దె గది మెట్లెక్కి తలుపు మూసేదాకా ఆమె చిలకపచ్చ చున్నీ ముడి ఊడేది కాదు. వాకిళ్లలో కూర్చున్న అమ్మలక్కలు పద్ధతిగల పిల్లని మెచ్చుకుంటే తల్లి మురిసిపోయేది. మెచ్చుకోవడానికి వాళ్లదేం పోయింది? ఆ ముడి ఎవడు వేయించాడో చెల్లెలు కావ్య ఒక్కదానికే తెలుసు. తెలిసినా చెప్పడానికి లేదు. అక్క తన నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

హిమజ నాచారంలో ఒక చొక్కాల కంపెనీలో కాలర్లు కుట్టేది. జనగామ దిక్కు నుంచి బతకడానికొచ్చిన కుటుంబం. తండ్రి రాజయ్య ఇంకో ఫ్యాక్టరీకి వాచ్‌మన్. చెల్లెలు డిగ్రీ చదవాలని తాను ఇంటర్‌తో ఆపేసి మిషన్ మీద కూర్చుంది. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు బస్సులు బందయినప్పుడు, కాళ్లీడ్చుకుంటూ నడిచొస్తున్న ఆమె పక్కన బైకు ఆపినవాడు దుర్గేష్. ఉప్పల్ చౌరస్తాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం వాడిది. మాట వెన్నపూస. కావ్యను నోరారా చెల్లె అని పిలిచి మిర్చిబజ్జీలు కొనిపెట్టేవాడు. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి, బైకు మాత్రం పోలేదు.

తర్వాత తాడు పేనినట్టు ఒక్కో పోగూ కలుపుకుంటూ వచ్చాడు. సూపర్‌వైజర్‌తో నవ్వొద్దన్నాడు. కంపెనీలోకి పోగానే ఒక మిస్డ్ కాల్, బయటికి రాగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలన్నాడు. ఆ ముఖం తన కళ్లకు తప్ప లోకానికి కనపడొద్దన్నాడు. ఒకరోజు అక్క మణికట్టు నల్లగా కమిలి ఉంటే కావ్య అడిగింది. మిషన్ తగిలిందట. మిషన్‌కు ఐదు వేళ్లుంటాయా?

నిలదీస్తే హిమజ నవ్వేసింది. "నేనంటే పాయిరమే వానికి. గందుకే కోపం. వెయ్యిమంది ముఖాలు కట్టుకోని నిలవడ్డా, నా కండ్లు జూసి నన్ను గుర్తువడ్తడు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. కావ్యకు ఆ వెలుగు చూస్తేనే భయం వేసేది. అమ్మకు చెబితే పని మాన్పించి ఎవడికో ముడిపెడతారు. చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకునే ధైర్యం లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని, మింగుకుని కూర్చుంది.

ఒకనాడు మబ్బు పట్టి పచ్చ చున్నీ ఆరలేదు. హిమజ చెల్లెలి నీలం చున్నీ కట్టుకుని, ఆ హడావుడిలో అన్నం డబ్బా మరిచిపోయి వెళ్లింది. మధ్యాహ్నానికి పచ్చది ఆరింది. కావ్య అది చుట్టుకుని డబ్బాతో నాచారం వెళ్లింది.

కంపెనీ గోడ పక్క సందులో వెనక నుంచి ఒక పిడికిలి ఆమె మణికట్టును పట్టి మెలిపెట్టింది. తిరిగి చూస్తే దుర్గేష్. జానెడు దూరంలో వాడి ముఖం. ఇప్పుడు గుర్తుపడతాడు, చెల్లె అని నవ్వి వదిలేస్తాడు అనుకుంది. వాడు ఆమె కళ్లలోకే చూస్తూ మాట్లాడాడు.

"మిస్డ్ కాల్ ఇయ్యకుంట ఎవని కోసం బయటికొచ్చినవ్? గీ ముఖం ఎవ్వనికీ సూపియ్యద్దన్న. ఇగ సూపియ్యాల్నన్నా ముఖమే ఉండది. యాసిడ్ సీసా దుకాన్ల తెచ్చిపెట్టిన."

నేను హిమజను కాదని ఒక్క మాట అంటే చాలు. అంటే, ఆ కోపం అక్క మీదే కదా తీర్చుకుంటాడు! అంతలో భోజనాల గంట మోగి మనుషులు బయటికి రావడంతో వాడు చెయ్యి వదిలి వెళ్లిపోయాడు.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్న అక్కకు కావ్య తన మణికట్టు చూపించింది. అదే చోట, అవే వేళ్లు. జరిగింది చెబితే హిమజ యాసిడ్ మాటకు ఉలిక్కిపడలేదు. అది ఆమె ఇంతకుముందే విన్న మాట. ఆ సంగతి కావ్యకు అప్పుడే అర్థమైంది.

"నీ కండ్లు జూసి ఉండడు" అంది హిమజ.

"జూసిండక్కా. గింత దగ్గరికెళ్లి జూసిండు. నువ్వే అనుకున్నడు."

తాను చూస్తే తప్ప నమ్మనంది హిమజ. రేపు కంపెనీ వదిలే వేళకు కావ్య పచ్చ చున్నీతో గేటు దగ్గర నిలబడాలి, తాను నీలం చున్నీలో ఉంటుంది. కొరివితో తల గోక్కోవడమని కావ్యకు తెలుసు. అయినా, అక్క కళ్లు తెరిపించడానికి ఇంకో దారి కనబడలేదు. సరేనంది.

మర్నాడు కంపెనీకి ముందే వెళ్లి కావ్య మొదటిసారి ఒట్టు తప్పింది. అక్క మీద వేసిన ఒట్టు అక్కకే తగులుతుందేమోనన్న భయం ఉన్నా, హిమజ పక్క మిషన్ మీద కుట్టే సాలమ్మకు అంతా చెప్పేసింది. సాలమ్మ ఎక్కువ అడగలేదు. పదిమందిని తోడుంచుతానని మాత్రం అంది.

సాయంత్రం గేటు తెరుచుకుంది. రంగురంగుల చున్నీల గుంపు బయటికొచ్చింది. టీ బండి దగ్గర బైకు, దాని హ్యాండిల్‌కు ఒక సంచి. కావ్య చూపంతా ఆ సంచి మీదే. అందులో సీసా ఉంటే? పరుగెత్తాలని ఉన్నా నిలబడిన చోటే నిలబడింది. దుర్గేష్ సంచిలో చెయ్యి పెట్టాడు, ఏదో సర్ది, చెయ్యి తీశాడు. వట్టి చెయ్యే. గుంపును తోసుకుంటూ వచ్చాడు.

దారికి అడ్డంగా హిమజ నిలబడి ఉంది. తల దించలేదు, రెప్ప వాల్చలేదు. ఏడాది పైగా ప్రాణమనుకున్న మనిషి కళ్లలోకి సూటిగా చూసింది. వాడూ చూశాడు.

"జర జరుగక్కా" అన్నాడు విసుగ్గా. ఆమెను భుజంతో నెట్టుకుని పోయి పచ్చ చున్నీ చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు హిమజ ముడి విప్పింది. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా.

"ఆ చెయ్యి ఇడువు. అది నా చెల్లె."

వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నువ్వనుకున్నానని గొణిగాడు. నిన్న గూడ గట్లనే అనుకున్నవట గదా అంది హిమజ. అప్పటికే సాలమ్మా, మిగతా ఆడవాళ్లూ చుట్టూ మూగారు. అక్కచెల్లెళ్లు వాళ్లతోనే ఠాణాకు నడిచారు. పోలీసులు వెతికితే బైకు సంచిలో రిపేరుకొచ్చిన ఫోన్లే ఉన్నాయి. సీసా దుకాణంలో దొరికింది.

తల్లి శోకాలు పెట్టింది. తండ్రి పని మాన్పించలేదు గానీ, కొన్నాళ్లు ఎటుపోయినా వెంట నడిచాడు. వాడు బెయిలు మీద బయటికొచ్చాడని తెలిసిన రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

స్తంభాలు లేచాయి, రాష్ట్రం వచ్చింది, రోడ్డు మీద దుమ్ము మాత్రం అలాగే ఉంది. హిమజ ముఖానికి ఏమీ కట్టుకోదు. దగ్గుతావని కావ్య పోరితే, దుమ్ముదేముందే, కడుక్కుంటే పోతది అంటుంది. వెనక నుంచి వచ్చిన బైకు ఏదైనా పక్కన ఆగితే మాత్రం ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, అది కదిలిపోయేదాకా నిలబడతారు.