పిల్ల నెత్తి మీద ఒట్టు

ఎండు మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ రాజమణక్క గుర్తొస్తుంది. మహబూబాబాద్‌లో మిరప పంట అమ్మకానికొచ్చే నెలల్లో మా దవాఖానకు వచ్చేవాళ్ల బట్టల నిండా అదే ఘాటు. కౌన్సెలింగ్ గదిలో అక్క వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుంటూ, "ఏడ్వాల్సింది నువ్వు, ఏడ్చేది నేను" అని ఎదుటి మనిషిని నవ్వించేది. ఆమెది కొడకండ్ల. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను సైకాలజీ చదివి ఆమె దగ్గర కౌన్సెలర్‌గా కొత్తగా చేరాను. నోటి దురుసు, పైగా అన్నీ తెలుసన్న పొగరు.

ఒకరోజు నెల్లికుదురు వైపు నుంచి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. పేరు శంకర్ అనుకుందాం. భార్య కవిత పట్టుకొచ్చింది. పెళ్లయిన ఆరేళ్లలో ఎంతమంది ఆడవాళ్ల వెంట తిరిగాడో అతనికే గుర్తు లేదు.

"సోకు గాదు మేడం. ఒంటరిగ అనిపిస్తే పానం నిలవడదు, పోత. ఎనుకకొచ్చినంక నా మీద నాకే రోత" అన్నాడు తల దించుకుని.

"ఇంకొక్కపాలి అయితే పిల్లను తీస్కోని మా అవ్వగారింటికి పోత" అంది కవిత.

నాకు ఒళ్లు మండింది. అక్క ఆ రోజు సెలవు. తాగుబోతులకు మా ఊరి పెద్దమనుషులు చేసే పనే చేశాను. కవిత వెంట తెచ్చిన నాలుగేళ్ల కూతురి నెత్తి మీద అతని చెయ్యి పెట్టించి, ఇక ఎవరి వెంటా తిరగనని ఒట్టు వేయించాను. చదివిన చదువంతా ఏ గంగలో కలిసిందో!

మూడు వారాలకు అతను ఒట్టు తప్పాడు. అదే వారం పిల్లకు డెంగీ వచ్చింది. తన పాపమే బిడ్డకు తగిలిందనుకున్నాడు. జ్వరం తగ్గాక కూడా పిల్లను దగ్గరికి రానివ్వక, పెద్దవంగరలో దోస్తు గదికి వెళ్లిపోయాడు.

"నా సంగతి ఇడిసిపెట్టున్రి. నేనైతే ఇగ ఆయనతోని ఉండ. గాని పిల్ల బాపు బాపు అని అన్నం తింటలేదు" అని కవిత మా గదికొచ్చి ఏడ్చింది.

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సిగ్గు లేక చేస్తుండనుకున్నవా బిడ్డా? సిగ్గు ఎక్కువైతే మనుషులకు దూరమైతడు. దూరమైతే మళ్ల అటే ఉరుకుతడు. నువ్వు ఆ సిగ్గునే ఇంకింత పెంచినవ్" అని, నన్ను వెంటబెట్టుకుని పెద్దవంగర బస్సెక్కింది.

అక్కడ ముందు నాతోనే మాట్లాడించింది. "అన్నా, ఒట్టు పెట్టిచ్చుడు నాది తప్పు. జ్వరం దోమ కుడితె వచ్చింది, నీ వల్ల గాదు" అన్నాను. అప్పుడు అక్క అతన్ని అడిగింది. "చిన్నప్పుడు ఎవరి పక్కన పండుకునేటోనివి?"

శంకర్ తల్లిదండ్రులు బొంబాయికి కూలికి పోయి, అతన్ని పెద్దనాయిన ఇంట్లో, మేనత్త ఇంట్లో, ఇంకెవరింట్లోనో వదిలేవారట. "ఒకల పక్కన అలవాటైతుంటె ఇంకో ఇంటికి తోలేటోళ్లు. ఆఖరికి ఆళ్లు తోలకముందే నేనే లేసి పోయేటోన్ని" అన్నాడు. అని, వెక్కివెక్కి ఏడ్చాడు.

ఈ అలవాటున్న అందరి వెనకా ఇలాంటి బాల్యమే ఉండదు. ఎదుటివాళ్ల బాధ ఏమాత్రం పట్టని మనుషుల్నీ తర్వాత చూశాను. శంకర్‌నైనా అక్క ఊరికే వదల్లేదు. "కారణం దొరికిందంటే తప్పు మాఫీ గాదు నాయినా. కవిత వస్తె వస్తది, లేకుంటె లేదు. ఓర్సుకో అని నేను ఏ ఆడిపిల్లకూ చెప్ప. పిల్లకు మాత్రం నువ్వు బాపువే."

కవిత మళ్లీ అతనితో కాపురం చేయలేదు. జనగామలో తల్లి దగ్గర ఉంటూ మిషన్ కుడుతోంది. శంకర్ ప్రతి ఆదివారం వెళ్లి కూతుర్ని చూసేవాడు. మా గదికీ వచ్చేవాడు. నెలల తరబడి మాట మీద నిలబడేవాడు, మళ్లీ జారేవాడు.

అక్క పోయిన ఏడాది చనిపోయింది. ఆ తర్వాత ఒక శనివారం శంకర్ గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"నిన్న మళ్ల తప్పిన మేడం. రేపు పిల్ల దగ్గరికి పోవాలె. గీ మొకం ఏస్కోని ఎట్ల పోను? ఇగ పోకుంటెనే మంచిదేమో."

పాత కోపం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

"పో అన్నా. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదో ఆ పిల్లకు ఎట్ల తెలుస్తది? చిన్నప్పుడు నీకు తెలిసిందా?"