లెక్క సరిపోయిన రోజు

బీరమ్మ చేతులు అప్పటికే తొమ్మిదో నెత్తి మీద ఉన్నాయి. పిల్లను మోకాళ్ల నడుమ కూర్చోబెట్టుకోవడం, పాపిట తీయడం, అరచేతిలో నూనె పోసి మాడుకు అద్దడం, మూడు పాయలు చేసి అల్లడం. రిబ్బను ముడి పడేసరికి ఆ పిల్ల గురించి ఆ పొద్దుకు తెలియాల్సింది ఆమెకు తెలిసిపోయేది. మెడ వెనక వేలు ఆనిస్తే జరం తెలిసేది. దువ్వెన తగలగానే భుజాలు బిగబడితే, రాత్రి పక్క పిల్లతో పంచాయితీ అయిందన్నట్టు. పేన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"అవ్వా, గట్టిగ గుంజకు."

"గుంజకపోతే బడికి పోయేలోపల ఊడుతది. అప్పుడు మీ టీచరు ఎవర్ని తిడుతది?"

"నిన్నే."

"అందుకే గుంజుతున్న. సక్కగ కూసో."

నల్గొండ ఊరి చివర ఉన్న ఆ బాలికల ఆశ్రయ గృహంలో పిల్లలు ఇరవై నాలుగు మంది. అమ్మానాయిన లేనివాళ్లు కొందరు, ఉన్నా లేనట్టే అయినవాళ్లు కొందరు, బస్టాండులో దొరికినవాళ్లు కొందరు. గేటు దాటగానే గోడ మీద పచ్చరంగు బోర్డు ఉంటుంది. దాని మీద పదకొండు పోస్టులు, వాటి ఎదురుగా పదకొండు పేర్లు. సూపరింటెండెంటు, కౌన్సెలరు, గృహమాతలు ఇద్దరు, నర్సు, యోగా టీచరు, వంటమనిషి, ఇట్లా వాచ్‌మన్ దాకా. రాసిన పెయింటరు పనిమంతుడు. ఒక్క అక్షరం వంకర పోలేదు. కాకపోతే ఆ పదకొండు మందిలో ఏ రోజు చూసినా గేటు లోపల ఉండేది ఇద్దరే. సూపరింటెండెంటు రామచంద్రం ఒకడు, వాచ్‌మన్ గుర్వయ్య ఒకడు. మూడో మనిషి బీరమ్మ. ఆమె పేరు బోర్డు మీద లేదు.

ఎనిమిదేళ్ల కింద ఆమె వంటకని వచ్చింది. అప్పటికే వంటమనిషి పోస్టులో రామచంద్రం ఊరి మనిషి ఒకడి పేరు తాత్కాలికంగా రాసి ఉంది. తాత్కాలికం కాబట్టి దాన్ని ఎవరూ కదిలించలేదు. బీరమ్మ చేరిన నెలలోనే గృహమాత వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. పిల్లల పని బీరమ్మ మీద పడింది. పెండ్లిళ్లలో గరిటె తిప్పిన చెయ్యి కాబట్టి వంట గుర్వయ్య మీద పడింది. గేటు కాపలా ఒక ఎర్ర కుక్క చూసుకుంది. అంతా సవ్యంగానే నడిచింది.

రామచంద్రం చెడ్డవాడు కాదు. గృహమాత కోసం ప్రకటన ఇచ్చినప్పుడల్లా చదువుకున్నవాళ్లు వచ్చారు, పది రోజులుండి పోయారు. ఉండే మనిషికి చదువు లేదు. నిబంధన చదువు అడుగుతుంది. అందుకని ఆయన చదువున్నవాళ్ల పేర్లు బోర్డు మీద ఉంచి, లేని మనిషిని పిల్లల దగ్గర ఉంచాడు.

బీరమ్మతో ఆయనకు ఉన్న పంచాయితీ ఒక్కటే. రిజిస్టరులో పొద్దున, సాయంత్రం పిల్లల సంఖ్య వేయాలి. ఆమె లెక్కపెట్టేది కాదు.

"ఇరవై నాలుగు ఉన్నరా లేదా, ఒక్కసారి లెక్కవెట్టి చెప్పు బీరమ్మా."

"అందరున్నరు సారు."

"అందరంటే ఎంతమంది?"

"అందరంటే అందరే. మా నాయిన నూటయాభై గొర్లను కాసిండు, ఏనాడు లెక్కవెట్టలే. లెక్కవెడితే తగ్గుతయి. దొడ్డికాడ నిలవడి మొకాలు చూసేటోడు. నల్లమూతిది వచ్చె, చెవి తెగింది వచ్చె, కుంటిది ఇంక రాలే, గంతే."

"గొర్లూ పిల్లలూ ఒకటేనా?"

"గొర్లే నయం సారు. చెప్పకుండ బాత్‌రూంల దాసుకోవు."

రామచంద్రం తనే లెక్కపెట్టుకుని అంకె వేసుకునేవాడు.

ఆ ఏడు గృహం అనుమతి పొడిగించే తనిఖీ పడింది. ఈసారి కాయితాలు కాదు, మనుషులనే చూస్తారని కబురొచ్చింది. మనుషులు సరిగ్గా లేకపోతే అనుమతి పోతుంది. పిల్లలను మూడు జిల్లాల గృహాలకు పంచేస్తారు. ఆ మాట విన్న రోజు బీరమ్మ అన్నం ముట్టలేదు. ఎవరెక్కడికి పోతారో, ఏ పిల్లకు ఏ నూనె పడదో ఆ మూడు జిల్లాల్లో ఎవరికి తెలుసు?

రామచంద్రం మాత్రం ఫికర్ పడలేదు. బోర్డు మీది మొదటి గృహమాత యాదలక్ష్మి స్వయానా ఆయన మరదలు. హుజూర్‌నగర్‌లో ఉంటుంది, హోమ్ సైన్స్ డిగ్రీ నిజంగానే ఉంది. ఒక్క రోజుకు రమ్మన్నాడు. మిగతావాళ్లను కూడా తలా ఒక దిక్కునుంచి పిలిపించాడు. ముందు రోజు బీరమ్మను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"రేపు నువ్వు వంటింట్లనే ఉండాలె. బయటికి రావద్దు. బోర్డు మీద లేని మనిషి పిల్లల మీద చెయ్యి వేస్తే అది మస్తు పెద్ద తప్పు."

"ఎనిమిదేండ్ల సంది వేస్తున్న గద సారు?"

"అందుకే రేపొక్క రోజు వెయ్యకు."

తెల్లవారి యాదలక్ష్మి దిగింది. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక ఎనిమిదేళ్ల కూతురు నిరోషను వెంట తెచ్చుకుంది. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, తడి దువ్వెనతో దువ్వి, రబ్బరు బ్యాండ్లు బిగించి, అరగంటలో పని ముగించింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "రోజూ ఇంతసేపు ఏం చేస్తవమ్మా దీనికి?" అంది.

బీరమ్మ కోయడానికి ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది.

తనిఖీ కోసమని ఒక దాత పిల్లలకు నీలం రంగు గౌన్లు పంపాడు, లెక్కగా ఇరవై నాలుగు. అందరికీ తొడిగాక ఒకటి మిగిలింది. దాత ఒకటి ఎక్కువ పంపాడనుకుంది యాదలక్ష్మి. నాకూ కావాలని నిరోష అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. ఆ మిగిలిన గౌను ఆ పిల్లకు తొడిగితే ఏడుపు ఆగింది.

పదకొండు గంటలకు తనిఖీ మేడం వచ్చింది, వెంట గుమాస్తా. బోర్డు మీది పేర్లన్నీ ఆ రోజు మనుషులై వరుసగా నిలబడ్డాయి. యోగా టీచరు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. గుర్వయ్య ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో ఎనిమిదేళ్ల తర్వాత గేటు దగ్గరికి పోతే, ఎర్ర కుక్క కొత్త మనిషనుకుని మొరిగింది. వరండాలో నీలం గౌన్ల వరుసను గుమాస్తా వేలితో లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. రిజిస్టరులోనూ ఇరవై నాలుగే. మేడం తల ఊపి రాసుకుంది. రామచంద్రం పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

వంటింటి కిటికీలోంచి బీరమ్మ కూడా చూస్తోంది. ఆమె లెక్కపెట్టలేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మొకాలు చూసింది. మళ్లీ ఒకసారి చూసింది. వరుసలో పరాయి మొకం ఒకటుంది. ఉండాల్సింది ఒకటి లేదు. పూజ లేదు. ఏడేళ్ల పూజ, రోజూ చివరన వచ్చి కూర్చునే పిల్ల.

బయటికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సారు పరువు పోతుంది, అనుమతి పోతుంది, పిల్లలు మూడు దిక్కులకు పోతారు. కొంగుతో చేతులు తుడుచుకుంటున్నంత సేపు అదే ఆలోచించింది. తుడుచుకోవడం అయిపోయింది. వరండాలోకి వచ్చింది.

"పూజ ఏది?"

రామచంద్రం అడ్డం వచ్చాడు. "ఈమె పాలు పోసే ఆమె మేడం. పోమ్మా, పాలు లోపల పోసి పో."

"పాలామె కాదు, మా అవ్వ," అంది వరుసలో ముందున్న చిన్నపిల్ల. అన్నదే చాలు, వరుస చెదిరింది. నీలం గౌన్లన్నీ బీరమ్మ చుట్టూ చేరాయి. ఒక్క గౌను మాత్రం కదల్లేదు.

"లెక్క సరిపోయింది కదమ్మా," అన్నాడు గుమాస్తా విసుగ్గా.

"లెక్క సరిపోతే పిల్ల దొరుకుతదా అయ్యా? పూజ లేదు. గా పిల్ల మా పిల్ల కాదు."

మేడం నిరోష ముందు వంగింది. "నీ పేరేంటి పాపా?"

"నిరోష. మాది హుజూర్‌నగర్. మా అమ్మ గామె," అని పిల్ల గృహమాతను చూపించింది. "ఇయ్యాల ఒక్కరోజే వచ్చినం. సాయంత్రం బస్సుకు పోతం."

గుర్వయ్య గేటు అవతల రోడ్డు మీదికి ఉరికాడు. రామచంద్రం చెప్పులు వదిలేసి మేడ మీదికి పరుగెత్తాడు. మేడం బాత్‌రూములు ఒక్కొక్కటే తీసి చూసింది. యోగా టీచరు పొట్ట వదిలేసి మంచాల కింద వెతికాడు.

బీరమ్మ ఉరకలేదు. పానం బాగలేని గొర్రె దూరం పోదు. మందలోంచి తప్పుకుని, కాళ్ల కింద పడని నీడ చూసుకుని ముడుచుకుంటుంది. ఆమె సీదా వెనక వరండాకు పోయింది. రోజూ తను కూర్చుని నెత్తులు దువ్వే జాగా అది. పక్కనే నీళ్ల ట్యాంకు, ట్యాంకుకూ గోడకూ నడుమ సందు. సందులో ఆమె గొంగడి ఉంది. గొంగడి మీద పూజ ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"పొద్దున వచ్చిన," అంది పూజ, కళ్లు తెరవకుండానే. "నువ్వు లేవు. వస్తవని పండుకున్న."

మేడం జీపులోనే దవాఖానకు తీసుకుపోయారు. చీటీ రాసే అతను పిల్లకు ఏమవుతావని బీరమ్మను అడిగాడు. ఆమె మేడం వైపు చూసింది. మేడం కిటికీ వైపు చూసింది. "అవ్వను," అంది బీరమ్మ. అతను నాయినమ్మ అని రాశాడు. రెండు రోజులకు జరం దిగింది.

పది రోజులకు తనిఖీ నివేదిక వచ్చింది. పదకొండు పోస్టుల్లో తొమ్మిది ఖాళీగా భావించవలసి ఉన్నదని రాశారు. అనుమతి లేని వ్యక్తి పిల్లల సంరక్షణలో ఉన్నట్టు గుర్తించడమైనదని రాశారు. పిల్ల కనిపించకపోవడాన్ని సదరు వ్యక్తియే గుర్తించినదని ఆ కిందనే రాశారు. రెండు వాక్యాల నడుమ ఖాళీ కూడా వదల్లేదు. రెండు నెలల గడువు. ఆలోగా నిజమైన మనుషులను పెట్టుకోవాలి, లేదంటే పిల్లల పంపకమే.

రామచంద్రం చదివి వినిపించాడు.

"నన్ను పాలామెను చేస్తివి సారు."

"ఏం జెయ్యాలె బీరమ్మా. నోట్లెకు అదే వచ్చింది."

ఈసారి ఆయన ఉత్తుత్తి పేర్ల జోలికి పోలేదు. మహబూబ్‌నగర్ నుంచి త్రివేణి అనే అమ్మాయి గృహమాతగా వచ్చింది. సోషల్ వర్క్‌లో పెద్ద చదువు. మిగతా పోస్టులు కూడా ఒక్కొక్కటే నిండాయి. ఆయన బీరమ్మను పక్కకు పిలిచాడు.

"ఈమె నిలవాలె. ఈమె గూడ పోతే ఇగ గృహం లేదు."

బీరమ్మ ఆ రాత్రి ఆలోచించింది. ముందు వచ్చినవాళ్లంతా ఎందుకు పోయారు? వాళ్లు దువ్వెన పట్టుకుంటే, గట్ల కాదని తనే లాక్కునేది. పిల్ల ఏడిస్తే వాళ్లకంటే ముందు తనే పోయేది. వాళ్లకు మిగిలింది కుర్చీ, రిజిస్టరు. ఎన్నాళ్లు కూర్చుంటారు? వాళ్లను వెళ్లగొట్టింది వేరే ఉద్యోగాలే అనుకుంది ఇన్నాళ్లూ. సగం తన చేతులే.

తెల్లవారి బీరమ్మ మొదటి పిల్లను త్రివేణి మోకాళ్ల నడుమ కూర్చోబెట్టి, తన చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఎన్ని నిమిషాలు పడుతుంది అవ్వా ఒక్కొక్కరికి?" త్రివేణి నోటుబుక్కు తీసింది.

"అది పక్కకు వెట్టు బిడ్డా. నూనె చేతులతోటి రాస్తే బుక్కు ఖరాబైతది. ముందు మెడ మీద వేలు వెట్టు. వెచ్చగుందా?"

"మామూలుగానే ఉంది."

"ఆ మామూలు యాది వెట్టుకో. ఇరవై నాలుగు మామూళ్లుంటయి. ఒక్కొక్కల్లది ఒక్కొక్క తీరు."

మొదటి వారం త్రివేణి వేసిన జడలు బడి గేటు దాకా కూడా నిలవలేదు. పిల్లలు గునిశారు. బీరమ్మ చేతులు ముందుకు పోబోతే, కొంగు పట్టుకుని ఆపుకుంది. సాయంత్రాలు ఇంకో పని పెట్టింది. ఒక పిల్లను సామాన్ల గదిలో దాచి, ఎవరు లేరో చెప్పమనేది. త్రివేణి పెదవులు కదిలేవి.

"లెక్కవెడుతున్నవ్."

"లేదవ్వా."

"మూతి కదులుతాంది. మొకాలు చూడు."

నాలుగో వారం త్రివేణి వరండాలోకి వచ్చీ రాగానే, "పూజను దాచినవ్," అంది. బీరమ్మ రేపటి నుంచి దాచుడు లేదంది.

పోస్టులో పేరెక్కాలంటే తప్పదని బీరమ్మ మీద పోలీసు విచారణ కూడా జరిగింది. నార్కట్‌పల్లి అవతల ఆమె ఊరికి కానిస్టేబుల్ పోయి, కేసులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆమె గొర్లు ఒకసారి తన చేన్లో పడ్డాయని ఒక ముసలాయన గుర్తు చేసుకున్నాడు. దాన్ని వదిలేశారు. వంటమనిషి పోస్టుకు కావాల్సింది వంట రావడం. బోర్డు మీద పాత పేరు చెరిపి, పెయింటరు బీరమ్మ అని రాశాడు. ఎనిమిదేళ్ల కింద ఏ పనికని వచ్చిందో ఆ పని ఆమెకు దొరికింది. గుర్వయ్య గేటుకు పోయాడు. ఎర్ర కుక్క కొన్నాళ్లు అలిగింది.

రెండో తనిఖీ పొద్దున త్రివేణి చేతులు ఇరవై నాలుగో నెత్తి మీద ఉన్నాయి. చివరన ఎప్పటిలాగే పూజ. త్రివేణి మెడ వెనక వేలు ఆనించింది.

"జరం లేదు. రాత్రి నిద్ర పోలే."

"నీకెట్ల ఎరుక?" అంది పూజ.

"తల నా మీదికి ఒరుగుతాంది."

బీరమ్మ వంగి జడ చివర పట్టుకుని ఒకసారి గుంజి చూసింది. ఊడలేదు. లోపలికి పోయి రేకు డబ్బా తెచ్చి త్రివేణి ఒళ్లో పెట్టింది. పేల దువ్వెన, మామూలు దువ్వెనలు, నూనె గిన్నె, ఇస్త్రీ చేసి చుట్టిన రిబ్బన్లు.

అప్పగింత రాసుకోవాలని త్రివేణి రిజిస్టరు తెరిచింది. దువ్వెనలు మూడు, గిన్నె ఒకటి అని రాసి, కింద పిల్లలు అని మొదలుపెట్టింది.

"అంకె వెయ్యకు," అంది బీరమ్మ. "పేర్లు రాయి."

త్రివేణి తల ఎత్తకుండా, ఎవరినీ అడగకుండా ఇరవై నాలుగు పేర్లూ రాసింది. బీరమ్మ బొటనవేలు ముద్ర వేసింది. నూనె వేలికి సిరా పట్టలేదు. కొంగుకు తుడుచుకుని రెండోసారి వేసింది. ముద్ర పడింది. రిజిస్టరు త్రివేణి వైపు జరిపి, పొయ్యి మీద ఎసరు మరుగుతోందని వంటింట్లోకి పోయింది.