మూడో వైకుంఠరథం

మంచిర్యాలలో వైకుంఠరథాలను ఇళ్లకు పంపే ప్రోగ్రాం మా అల్లుడే రాశాడు. "ఒక్క మెసేజ్ గూడ తప్పిపోదు మామా. డ్రైవర్ 'అయింది' అని నొక్కేదాక మళ్ల మళ్ల పంపుతనే ఉంటది" అని మురిసిపోయేవాడు.

మా అన్న పోయినరోజు ఆ గొప్పతనం కళ్లారా చూశాను. అన్నను గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లిన డ్రైవర్ నొక్కాడు గానీ అక్కడ సిగ్నల్ లేదు. బండే రాలేదనుకుని కంప్యూటర్ ఇంకోటి పంపింది. మోకాళ్ల నొప్పులతో ఇంటి దగ్గరే ఆగిపోయిన నేను ఆ రెండో బండి డ్రైవర్‌కు సంగతి చెప్పాను. "శవం లేంది 'అయింది' అని ఎట్ల నొక్కాలె కాకా?" అని ఆ డ్రైవర్ నిజాయితీగా వెళ్లిపోయాడు. దాంతో మూడోది వచ్చింది.

అప్పటికి వాకిట్లో మంచం మీద నాకు కునుకు పట్టింది. కళ్లు తెరిస్తే ఒకడు నా కాళ్లు, ఒకడు భుజాలు పట్టుకుని ఉన్నారు.

"ఆగున్రి! నేనింక పోలే!" అని అరిచాను.

వాళ్లు నన్ను మంచం మీదే వదిలేసి బండి దాకా ఉరికారు.

"ఇగ ఫికర్ లేదు మామా. మూడుసార్లు పంపినా 'అయింది' అని రాకపోతే మనిషిని అడుగుతది" అని అల్లుడు ప్రోగ్రాం దిద్దాడు. మొదటిసారే అడిగితే కంప్యూటర్‌కు నామోషీ కాబోలు.

అప్పటినుంచి వాకిట్లో కూరగాయల ఆటో ఆగినా సరే, లేచి నిలబడి గట్టిగా దగ్గుతున్నాను.