మిల్లు ఆపించిన సంతోషి

సంతోషి తయారుచేసిన సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, తిరుగుతున్న యంత్రం పక్కన ఫోన్ పెడితే అది ఆ చప్పుడు విని లోపల బేరింగ్ అరిగిపోతోందో లేదో చెబుతుంది. అరుగుతుంటే తెర ఎర్రబడుతుంది. అంతే. ఈ కాస్త సంగతి రైస్‌మిల్లుల వాళ్ల చెవిన వేసేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

సూర్యాపేటలో మోటార్లు రిపేరు చేసే షాపు పైన కిరాయి గదిలో కూర్చుని రాసింది దాన్ని. కష్టమంతా రాయడంలోనే ఉంటుందనుకుంది, పిచ్చిది. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇస్తే లైకులు కొట్టినవాళ్లంతా ఆమెతో చదువుకున్నవాళ్లే. వాళ్లలో ఒక్కరికీ మిల్లు లేదు.

ఇక లాభం లేదని కాళ్లకు పని చెప్పింది. మిర్యాలగూడ మిల్లుల గేట్ల దగ్గర "యాప్" అనగానే వాచ్‌మన్లు "లోన్ యాపా? పో పో" అని తరిమారు. ఆ రోజు నుంచి ఆ మాట మానేసి "మిల్లుకు చెవి" అనడం మొదలుపెట్టింది. బేరింగుల దుకాణాల్లో బతిమాలి కౌంటర్ మీద ప్రకటన కాగితాలు పెట్టించింది. సొంతూరు మోతెలో కాటమ్మ పిండిగిర్నిలో ఒక పాత ఫోన్ వేలాడదీసింది. గిర్ని దగ్గర వంతు కోసం కూర్చున్నవాళ్లకు వేరే పనేముంటుంది? దాన్నే చూస్తారు, ఊరంతా చెబుతారు. ఆ లెక్క తప్పలేదు. ఒకనాడు తెర ఎర్రబడింది. విప్పి చూస్తే బేరింగ్ నిజంగానే పోయింది. కాటమ్మ మరిది మిర్యాలగూడలో హమాలీ. అతని నోటి నుంచి ఆ కబురు మిల్లు యజమాని రవీందర్ దాకా పోయింది.

రవీందర్ నోరున్న మనిషి. మిల్లర్ల సంఘంలో ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు.

"సీజన్ల పిలిచిన సూడు," అన్నాడు సంతోషితో. "నిజమైతే సంఘం మీటింగుల నేనే చెప్త. ఉత్తదైతే ఇగ ఈ మిర్యాలగూడల ఏ గేటూ తొక్కకు."

మిల్లు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. వడ్లను పైకి తోడే ఎలివేటర్ పక్కన సంతోషి ఫోన్ పెట్టింది. చుట్టూ హమాలీలు, మిల్లు నడిపే కొమురయ్య, తమాషా చూద్దామని వచ్చిన పక్క మిల్లుల వాళ్లు. తెర ఎర్రబడింది.

ఆమె కొమురయ్య వైపు చూసింది. "నాకేం తెల్వది బిడ్డా, సేటు చెప్తే ఆపుత," అని అతను తల దించుకున్నాడు.

"ఒక్కోసారి గిట్లనే సూపిస్తది సార్" అని నవ్వేసి ఫోన్ సంచిలో వేసుకోవచ్చు. మిల్లు ఆపించాక తప్పని తేలితే ఆమె పని ఖతం. కానీ ఎలివేటర్ కింద ఆడవాళ్లు చెదిరిన వడ్లు ఊడుస్తున్నారు. బేరింగ్ విరిగి బెల్టు తెగితే?

"ఆపాలె సార్."

"ఏంది?"

"మిల్లు ఆపాలె. ఇప్పుడే."

రవీందర్ ముఖం కందగడ్డలా అయింది. కానీ పదిమంది ముందు పరీక్ష పెట్టింది తానేనాయె. చెయ్యి ఊపాడు. అంత పెద్ద మిల్లు మూలిగి ఆగిపోయింది.

బేరింగ్ విప్పుతున్నంతసేపూ సంతోషి పక్కనే వంగి చూస్తూ నిలబడింది. తీరా చూస్తే అది నిగనిగలాడుతోంది. దాని పక్కన ఒక రేకుకు బోల్టు వదులైంది. ఆ రేకు చప్పుడును ఈ చెవి బేరింగ్ చప్పుడు అనుకుంది.

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. ఎవరో వీడియో కూడా తీశారు.

"తప్పైంది సార్. రేకు చప్పుడును పోల్చుకోలేకపోయింది," అంది సంతోషి.

"పో అమ్మా. ముందు నీ చెవిని దవాఖానల సూపియ్యి," అన్నాడు రవీందర్.

ఆమె బస్సు సూర్యాపేట చేరేలోగా ఆ వీడియో ఊళ్లన్నీ చుట్టేసింది. కాళ్లరిగేలా తిరిగినా పాకని పేరు ఒక్క పూటలో పాకింది, 'మిల్లు ఆపించిన సంతోషి' అని. కిటికీ వైపు తిరిగి ఆమె ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత రోజుల్లో వచ్చిన ఫోన్లన్నీ వెక్కిరింపులే. "మా ఇంట్ల ఫ్యాను చప్పుడు చేస్తుంది, ఆపమంటవా?" అని ఒకడు. కాగితాల మీద తన నంబరు ఎందుకు వేయించానా అని తిట్టుకుంది.

ఒక పొద్దున కోదాడ నుంచి ఫోను.

"మిర్యాలగూడలో మిల్లు ఆపించింది మీరేనాండీ?"

"నేనే. నవ్వేదుంటే జల్ది నవ్వుండ్రి."

"నవ్వడానికి కాదండీ. నా పేరు జవహర్. ఇక్కడ మిల్లు నడుపుతాను. పోయిన సీజన్లో మా ఎలివేటర్ చప్పుడు తేడాగా ఉందని మాకందరికీ తెలుసు. బయట లారీలు నిలబడున్నాయి. ఆపమని ఎవరూ అనలేకపోయాం. నేనూ అనలేదు."

సంతోషి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"మా తమ్ముడి చెయ్యి పోయిందండీ."

"మాది ఇంకా తప్పులు చెప్తది అన్నా," అంది సంతోషి. "ఆ రేకు సంగతి ఇంకా సరిచేయలే."

"చెప్తే చెప్పనివ్వండి. ఆపమనేవాళ్లు ఒకరుంటే చాలు మాకు. ఎప్పుడొస్తారు?"