నా చెంపలో రెండువందల నలభై మైక్రాన్లు

నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదివే కాలంలో జబ్బు పడడానికి నాకు దోమ కుట్టనక్కర్లేదు, వానలో తడవనక్కర్లేదు. జీవశాస్త్రం పుస్తకం నాలుగు పేజీలు తిప్పితే చాలు. కాలేయం పాఠం జరిగిన వారం కుడి డొక్కలో నొప్పి, మూత్రపిండాల పాఠం జరిగిన వారం నడుము నొప్పి. (కప్ప గుండె పాఠం మాత్రం క్షేమంగా గడిచింది. దానికి మూడు గదులే కదా, మనకు సంబంధం లేదనుకున్నాను.) ఇప్పుడు మా పాప రెండుసార్లు తుమ్మితే ఫోనులో వెతికి మూడు జబ్బులు తేల్చే నన్ను చూసి మా ఆయన నవ్వుతాడు గానీ, నా అసలు ప్రతిభను ఆయన చూడనే లేదు. అది కూకట్‌పల్లిలో మా ఆడపిల్లల కాలేజీ ల్యాబులో, ఒక గురువారం మధ్యాహ్నం బయటపడింది.

ఆ రోజు ప్రయోగం చెంప కణాలు. టూత్‌పిక్‌తో చెంప లోపలివైపు మెల్లగా గీకి, గాజు స్లైడు మీద రాసి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. కన్ను పెట్టే గొట్టంలో సన్నని గీతల స్కేలు ఉంటుంది. కణం ఎన్ని గీతల పొడవుందో లెక్కపెట్టి, ఒక్కో గీత విలువతో గుణించాలి. ఆ విలువను తేల్చే అసలు గాజు స్కేలు కాలేజీ మొత్తానికి ఒక్కటే. దాన్ని మా అటెండరు బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. "అది పలిగితే నా నౌకరి పోతది" అనేవాడు. అందుకని సంవత్సరం మొదట్లో ఒక్కసారి దాన్ని బయటికి తీసి, విలువ కట్టి, "ఒక గీత = పది మైక్రాన్లు" అని చీటీలు రాసి ప్రతి మైక్రోస్కోపుకీ అంటించేశారు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.)

నా కణం చక్కగా దొరికింది. నలిగిన నీలం జేబురుమాలులా ఉంది, మధ్యలో ముదురు చుక్క. పొడవు ఇరవైనాలుగు గీతలు, అంటే రెండువందల నలభై మైక్రాన్లు. పుస్తకం తెరిచి చూస్తే చెంప కణం సుమారు అరవై అని ఉంది. మళ్ళీ కొలిచాను. పక్క కణాన్ని కొలిచాను. అదీ అంతే. (ఒక్క కణమైతే పోనీలే అనుకోవచ్చు. ఇక్కడ ఊరు ఊరంతా వాచినట్టుంది.) పక్క మైక్రోస్కోపు దగ్గర నా స్నేహితురాలు, కాకినాడ నుంచి వచ్చి కేపీహెచ్‌బీలో ఉంటున్న పిల్ల, అప్పటికే రికార్డులో బొమ్మకు రంగు దిద్దుతోంది.

"నీకెంతొచ్చిందే?" అన్నాను.

"అరవై. నీకు?"

"రెండొందల నలభై."

ఆమె పెన్సిలు ఆపి నా చెంపల వంక చూసింది. "అదేంటే బాబూ! మా వీధిలో ఒకావిడకి ఇలాగే..." అని, మిగతా మాట మింగేసింది. ఆ మింగిన మాటే నన్ను చంపింది. ముందు బల్లవాళ్ళను అడిగాను, అరవై. వెనక బల్ల, అరవై రెండు. క్లాసు మొత్తంలో నాలుగింతల కణాలు నాకొక్కదానికే. అందరూ రికార్డులు మేడం బల్ల మీద పెట్టి వెళ్తుంటే, నేను అంకె రాయాల్సిన చోటు ఖాళీగా వదిలి, బస్సెక్కి మియాపూర్ చేరాను.

మా నాన్న ఐటీ ఆఫీసువాళ్ళకు క్యాబు నడిపేవాడు. కొండాపూర్‌లో సాయంత్రం షిఫ్టువాళ్ళను ఎక్కించుకోవడానికి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నాడు. నేను గడపలోనే భోరుమన్నాను.

"ఏమైందే బిడ్డా? ఎవడన్న ఏమన్న అన్నడా?"

"నా కణాలు పెద్దగైనయి నాన్నా."

"ఏడ?"

"చెంపల."

నాన్న నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. "ఏం కానొస్తలేదు గదనే."

"మైక్రోస్కోపుల కానొస్తయి. అరవై ఉండాలె, రెండొందల నలభై ఉన్నయి."

నాన్నకు మైక్రాన్లు తెలియవు గానీ, షుగరు రెండువందల నలభై అంటే ఏమిటో మా నాయనమ్మ పుణ్యమా అని బాగా తెలుసు. ఒక్క బూటుతోనే నిలబడి ఎవరికో ఫోను చేశాడు. "అన్నా, ఇయ్యాల నా ట్రిప్పు జర నువ్వు చూసుకో. బిడ్డకు పానం బాగలేదు."

వీధి చివర దవాఖానలో డాక్టరుగారు నొప్పి ఎక్కడ అన్నారు. లేదన్నాను. జ్వరమా? లేదు. "మరి ఏంటమ్మా?" "రెండువందల నలభై మైక్రాన్లు సార్." ఆయన టార్చి వేసి నా నోట్లోకి చాలాసేపు చూశారు. "ఇన్నేళ్ళలో జబ్బును మైక్రాన్లలో చెప్పిన పేషెంటువు నువ్వొక్కదానివే. చెంప శుభ్రంగా ఉంది. రేపు వెళ్ళి మీ మేడంని అడుగు" అన్నారు. "ఒక్క గోలీ అయినా రాసియ్యుండ్రి సార్" అని నాన్న కదల్లేదు. ఆయన బీ కాంప్లెక్స్ రాశారు. (మన దగ్గర అర్థంకాని ప్రతి జబ్బుకూ అదే మందు.)

మర్నాడు నాన్న తెల్ల యూనిఫాంతోనే నా వెంట ల్యాబుకు వచ్చాడు. మా మేడంది నల్గొండ. అంతా విని, నా చెంప గీకి కొలిచింది. ఇరవైనాలుగు గీతలు. "మీరు గూడ నోరు తెరువుండ్రి అన్నా" అంది. నాన్నవి ఇరవైఐదు. నేను పదితో గుణించి చెప్పగానే ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "అయితే దీనికి నానుంచే వచ్చింది మేడం. మా నాయిన గూడ తలుపుల పట్టకపోతుండె." మేడం ఈసారి తన చెంప తానే గీక్కుంది. ఇరవైనాలుగు. "ఇగ ముగ్గురం కలిసే దవాఖానకు పోదాం" అంటూ మైక్రోస్కోపు వైపు వంగి, అంతలో నుదురు కొట్టుకుంది. "ఆ చీటీ చిన్న లెన్సుకు రాసింది తల్లీ. నువ్వు దానికి నాలుగింతలు పెద్దగ చూపించే లెన్సు పెట్టినవ్. దీంట్ల గీతకు రెండున్నరే."

ఇరవైనాలుగు రెండున్నరలు అరవై. నేను గట్టిగా ఏడ్చేశాను, ఈసారి సంతోషంతో. నాన్న మాత్రం మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళి, ఒక కన్ను చేత్తో మూసుకుని వంగాడు. "ఇది నేనేనా మేడం?" అన్నాడు. ఎంతకీ తల ఎత్తడే. "మంచిగనే ఉన్న గదా లోపట."

మేడం నవ్వుతూనే పక్కనున్న రికార్డుల కట్ట తెరిచి, రెండు తిప్పింది, నాలుగు తిప్పింది. నవ్వు పోయింది. "అన్నిటికీ అదే చీటీ, అందరిదీ అదే లెన్సు. మరి వీళ్ళందరికీ అరవై ఎట్లొచ్చింది?" పుస్తకంలోంచి వచ్చిందని నాకూ అప్పుడే వెలిగింది. శనివారం సెలవు రద్దయి, క్లాసంతా మళ్ళీ చెంపలు గీక్కున్నాం. కాకినాడ పిల్ల నావైపు చూడలేదు. మధ్యాహ్నానికి ఉండబట్టలేక తిరిగింది.

"నీ చెంపలు మాడ! నాకూ ఆ రోజు రెండొందల ముప్పై వచ్చింది, నేనేమైనా ఏడ్చానా?"

"మరి నన్నెందుకే అట్ల భయపెట్టినవ్?"

"నాది లెక్క తప్పనుకున్నాను. నీది నిజంగా జబ్బే అనుకున్నానే!"

ఈ కథ చెప్పి చాలామందిని నవ్వించాను. పాప పుట్టిన కొత్తలో ఒకసారి అమ్మ దగ్గర చెబుతూ, ఆ గురువారం రాత్రి నేనెంత నరకం చూశానో వర్ణించబోతే అమ్మ ఆపింది. "నువ్వేం జూసినవ్? పెరుగన్నం తిని గురక పెట్టినవ్. మీ నాన్ననే తెల్లారేదాంక నీ మంచం పక్కన కూసున్నడు. గడియకోసారి నీ చెంప ముట్టి చూసిండు."

ఇప్పుడు రాత్రి రెండు దాటింది. పాపకు జ్వరం లేదు. సాయంత్రం లేదు, పదింటికి లేదు, ఒంటిగంటకూ లేదు. అయినా ఇంకొక్కసారి లేచి నుదురు ముట్టి చూసి వచ్చాను. పిల్ల హాయిగా గురక పెడుతోంది.