పురికొసకు అటు చివర

నేను నిద్రలో ఉండగా నా స్నేహితుడు తన మణికట్టుకున్న పురికొస విప్పి, గుడారపు మేకుకు కట్టి, నన్ను కందకంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

డెబ్బై ఒకటి యుద్ధం. పడమటి సరిహద్దులో ఒక చెరకుతోట అంచు. కందకానికి ఇద్దరం, ఒకరు కాపలా, ఒకరు కునుకు. ఇద్దరి మణికట్లకూ ఒకే పురికొస. నోరు విప్పకూడదు కనుక అదే మా మాట. లాగితే లెమ్మని, బిగువు తగిలితే నేనిక్కడే ఉన్నానని. ఇద్దరిదీ గోదావరి జిల్లా. ఒకే మగ్గులో టీ, ఒకే కంబళి. బడి సరిగా చూడని నాకు చదువు పిచ్చి ఉందని, పొట్లాల కాగితాలు పారెయ్యకుండా దాచి తెచ్చేవాడు. వాటితోనే చదవడం నేర్చుకున్నాను.

ఆ ఉదయం మెలకువ వచ్చింది. మంచులో ఏమీ కనపడక పురికొస లాగాను. బిగువు తగిలింది. ఉన్నాడులే అని మళ్ళీ కళ్ళు మూశాను. తర్వాత నన్ను లేపింది శత్రువు బూటు.

చెరలో పక్క కందకంవాడు సంగతి చెప్పాడు. వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చిందట. మిగతావాళ్ళు కాలువ దాటేదాకా కందకానికి ఒకరు ఉండి కాల్చాలట. ఎవరుండాలో ఇద్దరూ తేల్చుకోమన్నారట. నన్నెవడు అడిగాడు? పైగా నా స్నేహితుడు అవతలికెళ్ళి నేను చచ్చిపోయానని చెప్పాడు! ఊళ్ళో నా భార్య గాజులు పగలగొట్టారు. నేను తిరిగొచ్చాక కూడా ఆమె మళ్ళీ చేతినిండా వేసుకోలేదు.

అతను వేరే పటాలానికి మారిపోయాడు. ఎంత వెతికినా దొరకలేదు. ముసలితనంలో కూతురి దగ్గర ఉందామని ఇంగ్లండులో నాటింగ్‌హామ్ వచ్చాను. ఓ నవంబరులో తెలుగువాళ్ళు కౌన్సిల్ హాల్లో దీపావళి చేశారు. వాట్‌ఫర్డ్ నుంచి వచ్చిన మాజీ సైనికుడికి శాలువా కప్పారు. చూద్దును కదా, అతనే. కోటుకు, యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా ఇక్కడ పెట్టుకునే ఎర్ర కాగితం పువ్వు. పిల్లలకు మైకులో పురికొస సంగతి చెబుతున్నాడు. చప్పట్లు కూడాను.

భోజనాల దగ్గర అతని మణికట్టు పట్టుకున్నాను.

"అటు చివర ఎక్కడ కట్టావో కూడా చెప్పకపోయావా పిల్లలకి?"

అతను పులిహోర ప్లేటు బల్లమీద పెట్టాడు. "ఒరేయ్... నువ్వా!"

"ఆఁ, నేనే. నువ్వు చంపినా చావలేదు."

మనవరాలు మా ముఖాలు మార్చి మార్చి చూసి, "తాతా, ఈజ్ హి యువర్ ఫ్రెండ్?" అంది. వెళ్ళి స్వీటు తెచ్చుకోమన్నాను.

"ఒక్కటే అడుగుతాను. నన్నెందుకు లేపలేదు? చీట్లేసుకునేవాళ్ళం కదరా! నాకే పడితే కళ్ళు తెరిచి ఉండేవాణ్ణి."

అతను శాలువా తీసి మడిచాడు.

"చీట్లెక్కడ వెయ్యనిచ్చేవాడివిరా నువ్వు? లేపితే 'నీకు పసిపిల్లుంది, నువ్వెళ్ళు, నేనుంటా' అనేవాడివి. ఆ మాట విన్నాక నా కాళ్ళు కదిలేవి కావు. నాకేమో బతకాలనుంది. అందుకే లేపలేదు."